రెండొందల పన్నెండు రివెట్లు

పొద్దున తొమ్మిదింటికి ఫిల్మ్‌నగర్ సందులో నాగేశ్వరి షాపు షట్టర్ ఇంకా సగమే లేచి ఉంది. రవిచంద్ర దాని కింద నుంచి వంగి లోపలికి వచ్చి, చేతిలో ఉన్న మూటని టేబుల్ మీద దించాడు. ఆయన సినిమాలకి దుస్తులు డిజైన్ చేస్తాడు. కాకినాడ మనిషి. మామూలుగా వస్తే ముందు టీ అడుగుతాడు. ఇవాళ అడగలేదు.

మూట విప్పితే తోలు కవచం ఒకటి బయటపడింది. దాని నిండా గుండ్రటి ఇత్తడి బిళ్ళలు, ఒక్కో బిళ్ళ మధ్యలో బొడిపెలాంటి తలతో ఒక్కో రివెట్. చాలాచోట్ల బిళ్ళలు లేవు, కన్నాలే ఉన్నాయి. ఊడిన బిళ్ళలు విడిగా ఒక ప్లాస్టిక్ కవర్లో ఉన్నాయి.

"రిహార్సల్లో అరవై ఒకటి ఊడిపోయాయండీ," అన్నాడు రవిచంద్ర. "వేరేచోట చేయించాం. చూడ్డానికి బ్రహ్మాండంగా ఉంది గానీ, కిందపడగానే చిల్లర విసిరినట్టు చెల్లాచెదురైపోయింది."

ఆయన వెనకే ఒక అమ్మాయి లోపలికి వచ్చింది. పాతికేళ్ళుంటాయి. మెడ మీద చిన్న పట్టీ వేసి ఉంది. పేరు వందన. హీరోయిన్‌కి బదులు ఫైట్లు చేసేది ఆమే. ఊడి ఎగిరిన బిళ్ళ అంచు ఆమె మెడని కోసింది.

"ఇంకో ఇంచు పక్కకి వస్తే నరం తెగేదంట అక్కా," అంది వందన, ఎవరికో జరిగిన సంగతి చెప్తున్నట్టు.

షాట్ ఏమిటో రవిచంద్ర చెప్పాడు. జూబ్లీహిల్స్‌లో వేసిన సెట్టులో పెంకుటింటి కప్పు ఉంది. వందన దాన్ని పగలగొట్టుకుని పదిహేనడుగుల కిందకి, గడ్డి మీద పడాలి. దొర్లి లేచి కెమెరా మీదకి పరిగెత్తాలి. ఆ కప్పు ఒక్కసారి పగలడానికే కట్టారు. పైగా ఎండ కన్నంలోంచి నిట్టనిలువుగా పడేది పన్నెండున్నరకీ ఒంటిగంటకీ మధ్యలోనే. రేపు ఆ సెట్టు ఉండదు.

"ఇంకో కవచం లేదా సార్?" అని అడిగింది నాగేశ్వరి.

"ఇదొక్కటే."

నాగేశ్వరి కవచాన్ని బోర్లించింది. ఆమెకి నలభై మూడేళ్ళు. టోలిచౌకిలో బ్యాగులు కుట్టే దుకాణంలో పన్నెండేళ్ళపాటు బటన్లు, ఐలెట్లు, రివెట్లు కొట్టి, రెండేళ్ళ కిందట ఈ షాపు పెట్టుకుంది. సినిమావాళ్ళ బెల్టులు, బూట్లు, కత్తుల ఒరలు ఆమె దగ్గరికే వస్తాయి. గాలి ఒత్తిడితో నడిచే రివెట్ మిషన్ పోయిన వారమే దిగింది. ఇప్పటిదాకా దాని మీద బెల్టులు తప్ప ఏమీ చెయ్యలేదు.

ఒక కన్నంలోకి వేలు పెట్టి తోలుని సాగదీసి చూసింది.

"తోలు మెత్తది సార్. రివెట్ తోక గీ తోలునొక్కదాన్నే పట్టుకొని ఉన్నది. మనిషి వంగంగనే తోలు సాగింది, తోక కన్నంలకెళ్ళి జారొచ్చింది. ఊడనియి గూడ గిట్లనే ఊడుతయి. అన్నీ తీసెయ్యాలె. ఎనక వాషర్ ఏసి కొత్తయి కొట్టాలె."

"మొత్తం ఎన్ని?"

"మీరే చెప్పాలె."

"రెండొందల పన్నెండు," అంది వందన. "మేకప్ చేస్తున్నప్పుడు లెక్కపెట్టాను."

నాగేశ్వరి గోడ మీద గడియారం వైపు చూసింది. వారం నుంచి ఆ మిషన్‌ని చూసినప్పుడల్లా, దీని సత్తా ఎంతో ఎప్పుడు తేలుతుందా అనుకుంటోంది.

డబ్బాలు వెతికి, కాస్త పొడుగు తోకలున్న ఇత్తడి రివెట్లు తీసింది. ఒక ముక్క తోలు, ఒక బిళ్ళ, ఒక వాషర్ పేర్చి మిషన్ కింద పెట్టి పెడల్ తొక్కింది. టప్‌మంది. రివెట్ గట్టిగానే కూర్చుంది కానీ, గుండ్రటి తల రూపాయి బిళ్ళలా చదునైపోయింది.

రవిచంద్ర మొహం వాడిపోయింది. "క్లోజప్ ఉందండీ. తల గుండ్రంగా మెరవాలి."

"మిషన్ తోని వచ్చిన కింది డై, గదే రివెట్ కూసునే ఇనప అచ్చు, చదునుగున్నది సార్. తల కూసునేటందుకు గుంట ఉన్న డై కావాలె." అప్పటికే ఆమె ఫోన్ చెవి దగ్గర పెట్టుకుంది. షేక్‌పేటలో ఇనుము చెక్కే లేత్ మిషన్ నడిపే జగదీశ్‌కి. "తమ్మీ, ఇప్పుడు ఒక సార్ వస్తడు. రివెట్ తెస్తడు. దాని తల సరిగ్గ పట్టేటట్టు గుంట తియ్యాలె. పాత డై గూడ పంపిస్తున్న, కొలత దానిదే."

"గంట పడతది అక్కా."

"గంట లేదు."

అవతల లేత్ ఆగింది. "సరే, పంపియ్యి."

రవిచంద్ర స్వయంగా కారు తీసుకుని షేక్‌పేట వెళ్ళాడు. ఇక్కడ నాగేశ్వరి కటింగ్ ప్లయర్ ఒకటి తను పట్టుకుని, రెండోది వందన చేతికిచ్చింది. ఇద్దరూ కవచం చెరో పక్కా కూర్చుని పాత రివెట్ల తోకలు కత్తిరించడం మొదలుపెట్టారు. మొదట్లో వందన ఒక్కోదానికి నిమిషం తీసుకుంది. ఇరవై దాటేసరికి నాగేశ్వరితో సమానంగా కత్తిరిస్తోంది.

"మళ్ళ దూకనీకి భయమైతలేదా?" అని అడిగింది నాగేశ్వరి.

"దూకడం నాకొచ్చు అక్కా. నాకు రానిదాని మీద, అదే ఈ బిళ్ళల మీద, ఆధారపడ్డమే భయం."

నాగేశ్వరి చేతులు ఇంకా త్వరగా కదిలాయి.

పదీ ఇరవైకి రవిచంద్ర పరుగున వచ్చాడు. కొత్త డై ఇంకా వెచ్చగా ఉంది. నాగేశ్వరి దాన్ని మిషన్లో బిగించి, గాలి తగ్గించి తోలు ముక్క మీద కొట్టింది. తోక మడత పడలేదు. గాలి పెంచింది. ఈసారి తోక చీలిపోయింది. గేజ్ ముల్లుని రెండింటికీ నడిమికి తెచ్చి పెడల్ తొక్కింది. తోక నాలుగువైపులా సమంగా విచ్చుకుని, చిన్న పువ్వులా వాషర్ మీదకి ఒదిగింది. కింద తల గుండ్రంగా, గీత కూడా పడకుండా మెరుస్తోంది.

వందన ప్లయర్‌తో ఆ బిళ్ళని పట్టి, కాలు గోడకి తన్నిపెట్టి లాగింది. బిళ్ళ వంగింది. రివెట్ కదల్లేదు.

"ఇది నడుస్తది," అంది నాగేశ్వరి.

ఇక అక్కణ్ణుంచి ఎవరూ మాట్లాడుకోలేదు. రవిచంద్ర బిళ్ళలోకి రివెట్ దూర్చి అందిస్తాడు. నాగేశ్వరి తల కిందికీ తోక పైకీ వచ్చేలా దాన్ని డై మీద కూర్చోబెడుతుంది. వందన తోకకి వాషర్ తొడిగి చెయ్యి వెనక్కి తీస్తుంది. టప్. మళ్ళీ బిళ్ళ, వాషర్, టప్. కంప్రెసర్ గుర్రుమంటూ నిండుతోంది. మొదటి వరస, రెండో వరస, నాలుగో వరస. సుత్తితో అయితే సాయంత్రం దాకా పట్టే పని అరగంటలో సగానికి వచ్చేసింది. అయిదారు వరసలయ్యాక ముగ్గురి చేతులూ ఒకే మనిషివైపోయాయి. రవిచంద్ర చొక్కా చేతులు మడిచేసి, తనకి తెలియకుండానే పెదాలతో టప్ టప్ అంటున్నాడు.

పదకొండూ నలభైకి మిషన్ ఆగింది.

వీపు నడిమి వరస మిగిలింది. పన్నెండు బిళ్ళలు. కవచాన్ని ఎటువైపు నుంచి తోసినా మిషన్ వెనకాల నిలువు కమ్మీకి తగిలి ఆగిపోతోంది. డై అక్కడిదాకా అందడం లేదు. నాగేశ్వరి మడిచి చూసింది, చుట్టి చూసింది. నాలుగు వేళ్ళ దూరం తక్కువ.

"ఆ వరస వదిలేస్తే?" అన్నాడు రవిచంద్ర గొంతు తగ్గించి.

"ఆమె పడేది వీపు మీదనే సార్."

నాగేశ్వరి మిషన్లోంచి కొత్త డై ఊడదీసి, ఇనప దిమ్మె మీద పెట్టింది. సొరుగులోంచి చేతి పంచ్, సుత్తి తీసింది. ఇవి మాత్రం ఆమెకి కొత్త కాదు. పంచ్‌ని తోక మీద నిలబెట్టి మూడు దెబ్బలు వేసింది. మొదటిది మెల్లగా, రెండోది గట్టిగా, మూడోది సర్దడానికి. వేలితో తడిమి చూసింది. మిషన్ కొట్టినదానికీ దీనికీ తేడా లేదు. పన్నెండింటికీ అవే మూడు దెబ్బలు. చివరిది అయ్యేసరికి పన్నెండూ అయిదు.

"మీరూ రండి," అన్నాడు రవిచంద్ర, కారు తాళాలు తీస్తూ. నాగేశ్వరి సుత్తి, పంచ్ సంచిలో వేసుకుని షట్టర్ దించింది.

రెండేళ్ళుగా ఆ సినిమావాళ్ళ మధ్యే బతుకుతున్నా షూటింగ్‌ని అంత దగ్గర్నుంచి ఆమె చూడడం అదే మొదటిసారి. వందన కవచం బిగించుకుని నిచ్చెనెక్కింది. కింద వందమంది ఉన్నా చప్పుడు లేదు. డైరెక్టర్ యాక్షన్ అన్నాడు.

పెంకులు భళ్ళున పగిలాయి. ఎండ ఒక్కసారిగా లోపలికి దూకింది. ఆ వెలుగులో, దుమ్ములో, వందన వీపు గడ్డికి కొట్టుకుంది. ఒక దొర్లు దొర్లి లేచింది. కత్తి దూసి, ఒళ్ళంతా నిప్పులు అంటించుకున్నట్టు మెరుస్తూ కెమెరా వైపు పరిగెత్తింది.

"కట్. ఓకే."

చప్పట్లు మోగుతుండగా నాగేశ్వరి అందర్నీ తోసుకుంటూ వెళ్ళి, వందనని గిర్రున తిప్పి, మెడ దగ్గర్నుంచి నడుం దాకా వేళ్ళతో తడిమింది. వీపు మీద రెండు బిళ్ళలు ఆకుల్లా వంగాయి. ఒక్కటి కూడా ఊడలేదు. వందన రొప్పుతూనే నవ్వుతోంది.

డైరెక్టర్ రవిచంద్రని ఏదో అడిగాడు. రవిచంద్ర ఆమెని చూపించాడు.

"వచ్చే నెల యుద్ధం తీస్తున్నామండీ," అన్నాడు డైరెక్టర్ దగ్గరికొచ్చి. "ఇలాంటివి నలభై కావాలి. చేస్తారా?"

నలభై. నాగేశ్వరి వందన ఒంటి మీది కవచం వైపు ఒకసారి చూసింది. "చేస్త సార్," అంది. "తోలు నేనే చూసి తెస్త. మెత్తది అస్సలొద్దు."

"మీ ఇష్టం."

భోజనాల వేళకి జగదీశ్ బైక్ మీద వచ్చాడు. చేతులకి లేత్ నూనె ఇంకా అలాగే ఉంది. షాట్ అయిపోయిందని తెలిసి నీరుగారిపోయాడు. వందన వెళ్ళి బతిమాలితే మానిటర్ దగ్గర కుర్రాడు మళ్ళీ వేశాడు. నలుగురూ చిన్న తెర ముందు తలలు ఆనించి నిలబడ్డారు.

"ఎట్ల దూకినవు చెల్లె," అన్నాడు జగదీశ్, నోరు తెరిచి.

నాగేశ్వరి దూకడం చూడలేదు. ఆమె కళ్ళు బిళ్ళల మీదే ఉన్నాయి. గడ్డికి తగిలిన క్షణంలో తోలు ఎంత సాగింది, నడిమి వరస ఎలా ఆగింది, అంతా కనబడింది.

"ఇంకొక్కసారి ఎయ్యి బిడ్డా," అంది. "జర మెల్లగ."