చిక్కడపల్లిలో ఖాళీ పోర్షన్

తన్మయి పరిశోధన వరదల మీద. సరిగ్గా చెప్పాలంటే, ఎప్పుడు వరదొచ్చినా మునిగేది మళ్లీ అదే మనుషులు ఎందుకన్న దాని మీద. అశోక్‌నగర్ నాలా పక్క బస్తీలో ఆమెకు బాగా దగ్గరైన మనిషి అంబిక. మహబూబ్‌నగర్ వైపు నుంచి వచ్చి, భర్త నగేష్‌తో కలిసి బిల్డింగు పనులకు పోతుంది.

"నీళ్లొస్తయని తెలిసీ ఇక్కడే ఎందుకుంటున్నరు?" అని తన్మయి అడిగితే, "వేరే కాడ ఎవరిస్తరక్కా?" అని నవ్వేసింది. ఆ జవాబును తన్మయి సెమినార్‌లో చదివితే అందరూ మెచ్చుకున్నారు.

మొన్నటి వానకు అంబిక ఇంటి గోడ కూలింది. మర్నాడు ఆమె చిక్కడపల్లిలో టు-లెట్ బోర్డు చూసి ఓ ఇంటి గేటు తీసింది. వరండాలో తన్మయి కనిపించేసరికి మొహం విప్పారింది.

"అక్కా, మీ ఇల్లేనా!"

తన్మయి తల్లి విద్యావతి బయటికొచ్చింది. ఆ ఇంట్లో కులం ఎవరూ అడగరు. "నాన్‌వెజ్ తింటరా?" అని అడుగుతారు.

"ఎప్పుడన్న తింటమమ్మా. మీరొద్దంటే బంద్ జేస్తం. ఈ అక్కకు మేం ఎరికే."

విద్యావతి కూతురి వైపు తిరిగింది. "తెలుసా నీకు?"

"సర్వేలో చూసిన," అంది తన్మయి. అక్కడితో ఆగినా బాగుండేది. "పోర్షన్ ఇచ్చేసినం అంబికా. బోర్డు తీయలేదంతే."

"అట్లనా," అని అంబిక వెళ్లిపోయింది.

లోపలికి రాగానే తన్మయి, నీ పట్టింపుల వల్లే వాళ్లకు ఇల్లు లేదనాల్సొచ్చిందని తల్లి మీద విరుచుకుపడింది. విద్యావతి తెల్లబోయింది.

"నేను ఇయ్యనంటినా? నేనింకా ఏం అననే లేదు. నువ్వే అంటివి గదనే!"

 తల్లి ఏమనేదో తన్మయికి ఇక ఎప్పటికీ తెలియదు. తను ఏమందో మాత్రం తెలుసు.

సాయంత్రం బస్తీకి వెళ్లింది. కూలిన గోడ జాగాలో నగేష్ తాటిపత్రి పట్టా కడుతున్నాడు.

"అబద్ధం చెప్పిన అంబికా. పోర్షన్ ఖాళీనే ఉంది. నువ్వు రా, అమ్మతోని నేను మాట్లాడిన."

అంబిక కోప్పడితే బాగుండుననిపించింది. ఆమె కోప్పడలేదు.

"వద్దక్కా. అట్ల బతిమాలి ఇప్పిస్తే ఆ ఇంట్ల మాకు నిద్ర వట్టది. జర ఈ కొస పట్టుకో, గాలికి లేస్తున్నది."

తన్మయి పట్టుకుంది. నగేష్ తాడు బిగించాడు.

"చాయ్ తాగుతవా అక్కా?" అని అంబిక ఎప్పటిలాగే అడిగింది.

తన్మయి తల ఎత్తలేకపోయింది.