గిత్త ముందుగా కట్టిన స్కర్టు

శ్రీదివ్య గుంటూరులో కొన్న స్కర్టు మీద పళ్లేలంత ఎర్రపూలున్నాయి. ఊళ్లో జరిగే పెళ్లికి దాన్నెలా వేసుకోవాలో తాత బుల్లయ్యకి పాఠం చెప్పింది.

"పైన తెల్లచొక్కా ఒక్కటే తాతయ్యా. నగలొద్దు. అందరి కళ్లూ స్కర్టు మీదే పడాలి."

బుల్లయ్య బుద్ధిగా తలూపాడు.

మర్నాడు దండెం మీద స్కర్టు లేదు. ఊరవతల గిత్తల అందాల పోటీలో కనిపించింది. నడుము ఎలాస్టిక్ తాతగారి ఒంగోలు గిత్త మూపురానికి కొలిచి కుట్టినట్టు పట్టేసింది.

"నువ్వు చెప్పినట్టే చేశానమ్మాయ్! దీని ఒళ్లంతా తెలుపేగా. గంటలు, పూసలు కూడా ఊడదీశా!"

మొదటి బహుమతి దానికే వచ్చింది.

శ్రీదివ్య పళ్లు నూరుతూ స్కర్టు ఉతికి, పంతానికి దాన్నే పెళ్లికి వేసుకెళ్లింది. అందరి కళ్లూ స్కర్టు మీదే పడ్డాయి. పక్కింటి పిచ్చమ్మ పందిరంతా వినబడేలా మెచ్చుకుంది.

"గిత్త బట్ట నీక్కూడా బాగానే నప్పిందే!"