చీము పట్టని పుండు

చంటాడి బొడ్డు నెల దాటినా ఊడలేదు. తీరా ఊడాక అక్కడ పుండు పడింది. ఎర్రగా వాచింది గానీ చీము చుక్కైనా లేదు.

"మన ఇంట్లో చీమూ నెత్తురూ లేనివాళ్ళు పుట్టలేదే," అని అమ్మమ్మ నవ్వించబోయింది. చంటాడి పిన్నికి నవ్వు రాలేదు. ఆమె రక్తపరీక్షల ల్యాబులో పనిచేస్తుంది. చీము అంటే సూక్ష్మజీవులతో పోరాడి చచ్చిన తెల్లకణాల గుట్ట అని ఆమెకు తెలుసు. చీము లేదంటే ఆ కణాలు పుండు దాకా రావడమే లేదన్నమాట.

డాక్టరు పరీక్ష రాశాడు. అది చేయాల్సింది ఆమే. గాజుపలక మీద ఒక పక్క బిడ్డ తెల్లకణాలు, ఇంకో పక్క పుండు దగ్గర పుట్టేలాంటి రసాయనం ఒక చుక్క. బాగున్న కణమైతే దాని జాడ పట్టి పాక్కుంటూ పోవాలి. పోలిక కోసం తన రక్తమే పెట్టుకుంది.

మైక్రోస్కోపు కింద ఆమె కణాలు బెల్లం కనిపెట్టిన చీమల్లా బారులు తీరాయి. చంటాడివి గుండ్రంగా, ఎక్కడివక్కడే ఉన్నాయి. తనదే పొరపాటై ఉంటే బాగుండునని మళ్ళీ చేసింది. కదల్లేదు.

వరండాలో అక్క బిడ్డను భుజాన వేసుకుని తిరుగుతోంది.

"చెప్పవే. నీ మొహం చూస్తేనే తెలుస్తోంది."

"వీడి ఒంట్లో కాపలావాళ్ళు బోలెడుమంది ఉన్నారక్కా. పిలిస్తే కదలడం లేదు, అంతే."

"బతకడా?"

"వాళ్ళు పుట్టేది ఎముకల్లోని మూలుగలో. అది మారిస్తే బతకొచ్చు."

అక్క పెద్దకూతురి మూలుగ సరిపోయింది. చంటాడిని అద్దాల గదిలో పెట్టి, ముందు వాడి పాత మూలుగను మందులతో చంపేసి, కొత్తది ఎక్కించారు. అది నాటుకునే దాకా వాడికి ఏ అడ్డూ లేదు. ఒళ్ళు వెచ్చబడ్డ ప్రతిసారీ పిన్ని ప్రాణం గుప్పిట్లో పెట్టుకుంది. ఇంట్లో ఫోను మోగితే ఎవరూ ఎత్తేవారు కాదు, ఒకరి మొహం ఒకరు చూసుకునేవారు.

ఒక మధ్యాహ్నం అక్కే పిన్నికి ల్యాబుకు ఫోను చేసింది. "సూది గుచ్చినచోట కురుపు లేచిందే. పైన పచ్చగా ఏదో ఉంది. నాకు భయంగా ఉంది, రావే."

పిన్ని పరుగున వెళ్ళి, మాస్కు కట్టుకుని, బిడ్డ చేయి వెలుతురులోకి తిప్పి చూసింది. ఇంకా దగ్గరికి వంగి మళ్ళీ చూసింది.

"ఏమైందే?"

"చీము పట్టిందక్కా."

అక్కకు అర్థం కావడానికి కాసేపు పట్టింది. తర్వాత ఇద్దరూ మాస్కుల వెనక వెక్కివెక్కి ఏడ్చారు. కంగారుపడి నర్సు డాక్టరును పిలుచుకొచ్చింది. ఆయన మందు రాస్తూ, "అప్పుడే గండం గడిచిందనుకోకండి," అన్నాడు.

అనుకోలేదు వాళ్ళు. ఆ సాయంత్రం కూడా ఇంట్లో ఫోను మోగితే ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. అయినా ఈసారి అమ్మమ్మ ఎత్తింది.