స్టిక్కరు కింది జిగురు

పెట్టె మీద బొమ్మ వెయ్యడానికి పడ్డ శ్రమలో పదోవంతు పెట్టెలోని విమానం మీద పడి ఉంటే, ఆ ఆదివారం పొద్దున్నే లుంగ్ థావోన్ నోరు పారేసుకోవలసిన అవసరం ఉండేది కాదు. పెట్టె మీద మబ్బులు చీల్చుకుంటూ దూసుకుపోతున్న యుద్ధ విమానం. పెట్టె విప్పితే వంకర పోయిన రెక్కలు, ముట్టుకుంటే రాలే మరలు, ఒక పక్క కారిపోయి ఇంకో పక్క అసలు అంటని జిగురు. విమానమంతా థర్మోకోల్ లాంటి సరుకే. దానికి తగ్గ బుద్ధే తయారు చేసినవాడిది కూడా.

ఆ విమానం పళ్ళ డాక్టరు నువాన్‌ది. బొమ్మ విమానాలు ఎగరేసేవాళ్ళ సంఘంలో ఆవిడ చేరి రెండు నెలలు కాలేదు. రేకుల షెడ్డు కింద బల్ల మీద విమానాన్ని వెల్లకిలా పడుకోబెట్టి లుంగ్ ఒక్కొక్క భాగాన్నీ లాగి చూస్తుంటే, ఆవిడ పక్కన నిలబడి గమనిస్తోంది. రెక్క మీద తీగ తగిలించే ప్లాస్టిక్ కొమ్ముని అతను రెండు వేళ్ళతో పట్టుకుని లాగాడు. బతిమాలించుకోకుండా చేతిలోకి వచ్చేసింది.

"రోజూ పళ్ళు పీకుతాను లుంగ్, ఇంత సులువుగా ఒక్కటీ రాలేదు," అంది నువాన్.

"పళ్ళకి వేళ్ళుంటాయమ్మా. దీనికి ఉమ్మి రాసి అతికించారు," అన్నాడు లుంగ్.

పేరు థావోన్. లుంగ్ అంటే పెద్దమామ వరస; అరవై రెండేళ్ళవాడు కాబట్టి అందరూ అలాగే పిలుస్తారు. ముప్ఫయ్యేళ్ళు బస్సు డిపోలో మెకానిక్‌గా చేశాడు. నఖోన్ పథోమ్ ఊరిబయట రొయ్యల చెరువుల మధ్య ఉన్న ఈ మైదానంలో, ఎవరు కొత్త విమానం కొన్నా మొదటిసారి దాన్ని గాల్లోకి లేపేది అతనే. అది పద్నాలుగేళ్ళ ఆచారం. విమానం ముక్కుకి మల్లెదండ వేస్తారు, మూలనున్న బుల్లి దేవుడిగూటి ముందు ఎర్ర సోడా పెడతారు, దండ తీసి రిమోట్ లుంగ్ చేతిలో పెడతారు. అతను రెండు చుట్లు తిప్పి, దించి, "ఇక నీ ఖర్మ" అని యజమానికి అప్పగిస్తాడు. ఆ మాట అనిపించుకోకుండా విమానం ఎగరేస్తే అదేదో పెళ్ళికాకుండా కాపురం పెట్టినట్టు చూస్తారు ఇక్కడ.

అలాంటిది మూడు వారాలుగా అతన్ని ఎవరూ అడగలేదు.

కారణం అందరికీ తెలుసు. మూడు వారాల కిందట రైల్వే గుమాస్తా ప్రయూన్ కొత్త విమానాన్ని లుంగ్ లేపాడు. రెండో చుట్టులో కిందికి వాలిన విమానాన్ని పైకి లాగబోతే అది లేవకుండా తిన్నగా రొయ్యల చెరువులోకి దిగిపోయింది. ముక్కు దొరికింది, రెక్క దొరికింది, తోక బురదలోనే ఉండిపోయింది. ఎవరూ ఒక్క మాట అనలేదు. అదే లుంగ్‌ని కోసింది. తిట్టి ఉంటే తిరిగి తిట్టేవాడు. వాళ్ళు ఎంతో మర్యాదగా అతని చేతుల వంక చూసి, అంతకన్నా మర్యాదగా చూపు తిప్పుకున్నారు. ఆ తర్వాత వచ్చిన రెండు కొత్త విమానాల్నీ దుకాణదారు సియా కియత్ మేనల్లుడు లేపాడు.

అప్పటినుంచి లుంగ్ రోజూ పొద్దున్నే సూదిలో దారం ఎక్కిస్తున్నాడు. మొదటిసారికే ఎక్కితే ఆ రోజంతా ధైర్యంగా ఉండేది, ఎక్కకపోతే అన్నం సయించేది కాదు. ఆసుపత్రిలో చేతులు బాగానే ఉన్నాయన్నారు. ఆసుపత్రివాళ్ళు అతని నాన్ననీ బాగానే ఉన్నాడన్నారు, మంచం పట్టే దాకా. తనకి తానే అనుమానం అయిపోయిన మనిషికి ఎవరి మాటా ఎక్కదు. పళ్ళ డాక్టరుకి ఈ గొడవ తెలియదు కాబట్టి వచ్చి అడిగింది. ఈ ఒక్కటీ సరిగ్గా దింపితే చాలు, లేకపోతే రిమోట్ ఇక ముట్టనని అతను మనసులో తేల్చుకునే వచ్చాడు.

అందుకే గంటన్నర కూచున్నాడు. ఊడిన కొమ్ములు రెండూ తన జిగురుతో అతికించాడు. రెక్క బిగించే మరకి కన్నం అరంగుళం పక్కన ఉంటే కొత్త కన్నం పెట్టాడు. మోటారు గుండ్రంగా తిరగడం లేదని విప్పి చూస్తే లోపల ఒక మర ఉండాల్సిన చోట ఖాళీ ఉంది. "నాలుగు మరలుండాల్సిన చోట మూడు. మిగిలింది దేవుడు పట్టుకుంటాడనుకున్నారు కాబోలు," అని గొణుక్కున్నాడు. పోయినేడాది ఇదే కంపెనీనుంచి తోటి సభ్యుడు ఉదోమ్‌కి ఒకే పెట్టెలో రెండు ఎడమ రెక్కలు వచ్చాయి. కుడిది కావాలంటే, విడిగా అమ్మం అన్నారు. అది తలుచుకున్నప్పుడల్లా లుంగ్‌కి ఒళ్ళు మండుతుంది. తోక కూడా పైకీ కిందికీ ఆడించి చూశాడు. బాగానే ఆడింది.

మల్లెదండ వేశారు, తీశారు. లుంగ్ రిమోట్ తీసుకున్నాడు. షెడ్డు కింద పదిమంది ఉన్నారు, అంతా వరిపిండి వడలు నమలడం ఆపేశారు.

విమానం చక్కగా లేచింది. మొదటి చుట్టు వెన్నలా సాగింది. రెండో చుట్టులో చెరువుల మీదుగా తిరిగి కాస్త కిందికి వాలింది. లుంగ్ రిమోట్ మీది పుల్లని తనవైపు లాగాడు. విమానం లేవలేదు. పూర్తిగా లాగాడు. ముక్కు ఇంకా కిందికే దిగింది. గట్టు మీద ఎండిన మట్టికి కొట్టుకుని నాలుగు ముక్కలయింది.

ఎవరి విమానం కూలినా అందరూ వరసగా నడిచి ముక్కలు ఏరుకొస్తారు. అదీ ఆచారమే. ఆ రోజూ అలాగే నడిచారు. సియా కియత్ నెమ్మదిగా వచ్చి లుంగ్ భుజం మీద చెయ్యి వేశాడు. సియా అంటే దొరవారు అన్నట్టు. ఊళ్ళో బొమ్మ విమానాల దుకాణం అతనిది. ఈ మైదానం అద్దె కట్టేది అతనే, షెడ్డు వేయించింది అతనే, మరుగుదొడ్డి కట్టించింది అతనే, పొద్దుటి ఐస్ కాఫీ పోయించేది కూడా అతనే.

"ఇంక విశ్రాంతి తీసుకో లుంగ్. మా వాడు చూసుకుంటాడులే. అందరికీ ఒకనాటికి తప్పదు," అన్నాడు కియత్, ఎంతో ప్రేమగా.

లుంగ్ గట్టు మీద తోక ముక్క పడి ఉంటే వంగి తీశాడు. తోక రెక్కలు రెండు ఉంటాయి. వాటిని లోపల ఒక ఇనప తీగ కలుపుతుంది. తోకని కదిపే బుల్లి మోటారు లాగేది ఒక రెక్కనే, తీగ రెండోదాన్ని లాగుతుంది. ఆ తీగ కూర్చున్న చోటు పైకి కనబడకుండా సైన్యం గుర్తున్న స్టిక్కరు అంటించి ఉంది. కూలిన దెబ్బకి స్టిక్కరు చిరిగింది. లుంగ్ గోటితో దాన్ని పూర్తిగా లేపాడు. తీగ గాడిలో ఊరికే పడి ఉంది. గాడి ఒక చివర పెసరగింజంత జిగురు బొట్టు, అది కూడా నున్నగా, దేనికీ అంటకుండా. నేల మీద వేలితో ఆడిస్తే ఆడుతుంది. గాలి గట్టిగా నొక్కితే జారిపోతుంది.

అతని చేయి కాదు. తోక.

మూడు వారాల బరువు ఒక్కసారి దిగింది. కానీ ఆ సంతోషం గడియసేపు కూడా నిలవలేదు.

తోక ముక్క పట్టుకుని షెడ్డు కిందికి వచ్చి, తోక ఒక్కటీ కావాలి, డాక్టరమ్మకి బాగుచేసి ఇస్తానని కియత్‌ని అడిగాడు. తోక విడిగా రాదన్నాడు కియత్. తోక ఒంటితో కలిసే వస్తుందట, ఒళ్ళు ప్రస్తుతం సరుకు లేదట, వచ్చే నెలా ఉండదట, కొత్త విమానం కొనుక్కోవడమే తేలికట. ఇది చెప్పడానికి అతనికి సిగ్గు కూడా కలగలేదు.

అప్పుడు లుంగ్ బల్ల పక్కన వరసగా పెట్టి ఉన్న విమానాల వైపు తిరిగాడు. అదే రకం, అదే పెట్టెల్లోంచి వచ్చినవి, ఆరు ఉన్నాయి. మీవీ ఇలాగే ఉంటాయి, విప్పి చూద్దాం, లేకపోతే ఒక్కొక్కటీ చెరువులోకే అన్నాడు. మంచి మాటే చెప్పాననుకున్నాడు. కానీ ఎవరూ కదల్లేదు. ప్రయూన్ తన కొత్త విమానానికి అడ్డంగా వచ్చి నిలబడి, తర్వాత చూద్దాం లుంగ్, ముందు కాఫీ తాగు అన్నాడు.

లుంగ్ అతన్ని పక్కకి తోసి విమానం తిరగేశాడు. స్టిక్కరు ఒక మూల లేచి ఉంది. లాగితే కింద గాడి నిండా పసుపుపచ్చని గట్టి జిగురు, పక్కల పొంగి, గీకి సాఫు చేసి ఉంది. కంపెనీ జిగురు కాదు, ఇంట్లో కూచుని ఓపిగ్గా పోసిన జిగురు. రెండోది తిప్పాడు. అదే జిగురు. మూడోది, నాలుగోది, అయిదోది. ఆరోది ఉదోమ్‌ది.

ఉదోమ్ డిపోలో పాతికేళ్ళు అతని కింద పనిచేసినవాడు. ఈ మూడు వారాలూ సాయంత్రం కాగానే ఇంటికి వచ్చి, సూదిలో దారం ఎక్కించడం చూస్తూ పక్కన కూచున్నవాడు. అతని విమానం తోకలో జిగురు అన్నిటికన్నా పాతబడి ముదురు రంగు తేలింది.

"ఎప్పుడు పోశావు?" అన్నాడు లుంగ్.

ఉదోమ్ నేల చూపులు చూశాడు. మెల్లగా మొత్తం బయటపడింది. ప్రయూన్ విమానం కూలిన మర్నాడే కియత్ అతనికి కొత్తది ఇచ్చి, తోకలో లోపం సంగతి బయటికి పొక్కనివ్వద్దని బతిమాలాడు. కొత్తదాని తోక లాగి చూస్తే ఊడింది. ప్రయూన్ ఉదోమ్‌కి చెప్పాడు. ఉదోమ్ అదే రాత్రి తనది అతికించుకుని, మిగతావాళ్ళకి ఒక్కొక్కరికే చెవిలో చెప్పాడు. అందరూ అతికించుకున్నారు, స్టిక్కర్లు తిరిగి అంటించుకున్నారు. పళ్ళ డాక్టరు కొత్తమనిషి, ఆవిడకి చెప్పాలని ఎవరికీ తోచలేదు. లుంగ్‌కి చెప్పకూడదని మాత్రం అందరికీ తోచింది.

"నీకు చెబితే ఊరుకుంటావా అన్నా? పదిమందిలో సియాని కడిగేస్తావు. ఆయన మనసు కష్టపెట్టుకుని మైదానం ఎత్తేస్తే ఎక్కడికి పోతాం? నీ చేతికేం, నాలుగు రోజులు పోతే అందరూ మరిచిపోతారు అనుకున్నాం," అన్నాడు ఉదోమ్.

"నేను మరిచిపోలేదురా," అన్నాడు లుంగ్.

తిట్లు నోటిదాకా వచ్చాయి గానీ వాటిని వృథా చెయ్యాలనిపించలేదు. అంటని జిగురు మీద పొద్దున్న కలిగిన అసహ్యం, ఇప్పుడు వీళ్ళని చూస్తే కలిగినదాని ముందు ఏపాటిది. ఆ కంపెనీవాడు ఎక్కడో వెయ్యి మైళ్ళ అవతల ఉన్నాడు, థావోన్ అనేవాడు ఒకడున్నాడని వాడికి తెలియదు. వీళ్ళకి తెలుసు. ఎంత మృదువైన మనుషులు, ఎవరినీ నొప్పించరు. ఒక ముసలివాడి చేతులు తీసుకుపోయి దుకాణదారు మొహమాటానికి కట్టబెట్టి, పైగా ఆ ముసలివాడికే కాఫీ పోస్తారు.

కియత్ ఈలోగా తేరుకున్నాడు. కారులోంచి కొత్త పెట్టె ఒకటి తెప్పించి డాక్టరు నువాన్ ముందు పెట్టి, ఇది తన కానుక అన్నాడు. లుంగే దీన్ని లేపాలి, ఇప్పుడే, అందరి ముందూ అన్నాడు. అందరి మొహాలూ విప్పారాయి. పోనీలే, అంతా సర్దుకుంది అన్నట్టు ఎవరో మల్లెదండ కూడా తెచ్చారు.

నువాన్ మాత్రం పెట్టె ముట్టుకోలేదు. "మీరు సరే అంటేనే, లుంగ్," అంది.

లుంగ్ దండ పక్కన పెట్టించి కత్తి అడిగాడు. పెట్టె విప్పి, విమానం తోక మీది స్టిక్కరుని అందరూ చూస్తుండగా నిలువునా చీరాడు. తీగని రెండు వేళ్ళతో పైకి ఎత్తి కియత్ కాఫీ గ్లాసు పక్కన పడేశాడు. కియత్ ఎర్రబడ్డాడు. పదిమందీ వేరే దిక్కులు చూశారు. లుంగ్ గాడి గీకి, జిగురు కలిపి, తీగ కూర్చోబెట్టి, అది ఆరేదాకా అరగంట ఆ బల్ల దగ్గరే నిలబడ్డాడు. ఆ అరగంటా ఎవరూ వడలు తినలేదు.

తర్వాత లేపాడు. చెరువుల మీదుగా అదే చోట కిందికి వాల్చాడు, కావాలనే ఇంకాస్త ఎక్కువ వాల్చాడు, లాగాడు. లేచింది. మళ్ళీ వాల్చాడు, మళ్ళీ లేపాడు. గడ్డి తలలు కూడా వంగనంత మెత్తగా దించి రిమోట్ నువాన్ చేతిలో పెట్టి, "ఇక నీ ఖర్మ తల్లీ" అన్నాడు.

షెడ్డు కింద చప్పట్లు మోగాయి. ప్రయూన్ ఈల కూడా వేశాడు. మూడు వారాలపాటు దేనికోసం అన్నం మానేశాడో అది పదిమంది చేతుల్లో మోగుతుంటే, లుంగ్ వాళ్ళకి వీపు చూపించి బల్ల మీది జిగురు తుడిచాడు.

పనిముట్ల పెట్టె సర్దుకుంటుంటే ఉదోమ్ వచ్చాడు. చంకలో కొత్త పెట్టె ఉంది, ఇంకా విప్పలేదు. వచ్చే ఆదివారం నాది లేపాలి అన్నా, నీ చెయ్యి తప్ప ఇంకోటి నమ్మను అన్నాడు. కళ్ళలో నీళ్ళు కూడా ఉన్నాయి, పాపం అబద్ధం కాదు.

లుంగ్ పనిముట్ల పెట్టె మూత వేసి గడియ బిగించాడు.

"నీది నువ్వే లేపుకో ఉదోమ్. అతికించుకున్న రాత్రి నన్ను అడిగావా?"

ఉదోమ్ ఆ పెట్టె అలాగే పట్టుకుని నిలబడ్డాడు. లుంగ్ పనిముట్లు ట్రక్కులో పెట్టుకుని వెళ్ళిపోయాడు.