రెండో వరసలో హ్యాండ్‌బ్రేకు

సెవిల్లె నగరంలో మా పీనో మొంతానో పేటలో రెండో వరసలో కారు ఆపి హ్యాండ్‌బ్రేకు లాగేవాణ్ణి మనిషి కింద జమకట్టరు. ఇళ్ళు ఎక్కువ, కార్లు అంతకంటే ఎక్కువ, చోటు మాత్రం పెరగలేదు. అందుకని పేవ్‌మెంటు పక్కన ఒక వరస, దాన్ని ఆనుకుని ఇంకో వరస. బయటి వరసవాడు గేరు తీసేసి, బ్రేకు వదిలేసి, తలుపులకి తాళం వేసుకుని పోతాడు. లోపలివాడు బయల్దేరేటప్పుడు అడ్డున్న కారును చేత్తో నాలుగడుగులు నెట్టుకుని దారి చేసుకుంటాడు. ఎవరి కారునైనా ఎవరైనా నెట్టొచ్చు, దారిన పోయేవాడు కూడా ఓ చెయ్యి వేస్తాడు. నెట్టినా కదలకపోతే, ఆ బ్రేకు లాగిన మహానుభావుడు కిందికి దిగేదాకా హారన్ మోగిస్తూనే ఉంటారు.

మా వీధిలో ఆ మహానుభావుడి పేరు ఎలాడియో. ముప్ఫై ఏళ్ళు సిటీ బస్సు నడిపి రిటైరయ్యాడు. ఒంటరి మనిషి. రెండేళ్ళ కిందట ఇదే వీధిలో, పట్టపగలు, ఇద్దరు మనుషులు అతని కారును నెట్టుకుంటూ మలుపు దాటించేశారు. వీధంతా చూసింది. చోటు కోసం నెడుతున్నారు కాబోలు అనుకుని ఇద్దరు ముగ్గురు సాయం కూడా పట్టారు. ఆ కారు మళ్ళీ కనిపించలేదు. అప్పట్నుంచి అతనికి లోకం మీద నమ్మకం చచ్చిపోయింది. పాత ఎర్ర కారొకటి కొని, స్టీరింగుకి అడ్డంగా ఇనుప కడ్డీ బిగించాడు, పెట్రోలు ఆగిపోయే స్విచ్చి ఒకటి ఎవరికీ కనపడనిచోట పెట్టించాడు, సీటు మీద చిరిగిన కాయితం కూడా ఉంచడు. ఆపైన హ్యాండ్‌బ్రేకు. రోజంతా రెండో అంతస్తు కిటికీలో కూర్చుని, కొత్త మొహం కనిపిస్తే చాలు ఆనవాళ్ళు రాసుకుంటాడు. గ్యాసు మీటరు చూడ్డానికొచ్చినవాణ్ణి, కిటికీలు తుడిచేవాణ్ణి, ఒకసారైతే కొత్తగా వచ్చిన చర్చి పాదిరీని కూడా పోలీసులకి అప్పజెప్పబోయాడు. దాంతో వీధిలో అతని పేరు 'బ్రేకు' అయిపోయింది. బార్లో అతను కూర్చుంటే పక్క స్టూలు ఖాళీగా ఉంటుంది. పట్టనట్టు ఉంటాడు గానీ, అది అతన్ని లోపల్లోపల తినేస్తోంది.

మే నెలలో ఒక బుధవారం, మధ్యాహ్నం మూడున్నర. భోజనాలు ముగించి జనం కునుకు తీసే వేళ. నీలం రంగు పని బట్టలు వేసుకున్న ఇద్దరు మనుషులు లియోకాదియా కారు దగ్గర నిలబడటం ఎలాడియో చూశాడు. లియోకాదియా అతని పై అంతస్తులో ఉంటుంది. ఆవిడ భర్త హెనారోకి రెండు కిడ్నీలూ పోయాయి. సోమ, బుధ, శుక్రవారాల్లో సాయంత్రం ఐదింటికి ఆ బూడిదరంగు కార్లోనే అతన్ని డయాలసిస్‌కి తీసుకుపోతుంది. బస్సులో పోదామంటే హెనారో నిలబడలేడు. ఆ కారు ఆగితే ఆ ఇంట్లో అన్నీ ఆగిపోతాయని వీధంతా ఎరుగును.

బూడిదరంగు కారు లోపలి వరసలో ఉంది. దానికి అడ్డంగా ఉన్నది ఎలాడియో ఎర్ర కారే. ఆ ఇద్దరూ దాన్ని నెట్టి చూశారు. కదల్లేదు. ఇప్పుడు హారన్ మోగాలి, అది ఇక్కడి పద్ధతి. మోగలేదు. ఎలాడియో కుర్చీలోంచి లేచాడు. కారు బయటికి తీసుకోవలసినవాడు హారన్ కొట్టకపోవడం అతను ఈ వీధిలో పుట్టి బుద్ధెరిగి చూడలేదు.

వాళ్ళలో పొడుగాటివాడు బార్లోకి వెళ్ళి ఏదో అడిగాడు. బార్ నడిపే కోస్మె బయటికొచ్చి, కిటికీ వైపు చెయ్యి చాపి, "అదుగో, ఆ పైనున్న పెద్దమనిషిదే. బ్రేకూ, దిగవయ్యా బాబూ, జనం నీకోసం నిలబడున్నారు" అని కేకేశాడు.

ఎలాడియో ఇంట్లో వేసుకునే చెప్పుల్తోనే దిగాడు. పొడుగువాడు వినయంగా ఎదురొచ్చాడు. "గ్యారేజీ నుంచి వచ్చామండీ. లియోకాదియా గారి కారుకి బ్రేకులు కీచుమంటున్నాయంట. చూసేసి ఐదులోపు తెచ్చిచ్చేస్తాం. మీ కారు కొంచెం జరిపితే."

"ఏ గ్యారేజీ?"

"రింగురోడ్డు పక్కనండీ. కొత్తగా పెట్టారు."

"మరి హారన్ కొట్టలేదేం?"

పొడుగువాడు గొంతు తగ్గించాడు. "రాత్రంతా ఆయనకి ఒంట్లో బాగోక ఆవిడకి కంటిమీద కునుకు లేదంటండీ. ఇప్పుడే నడుం వాల్చింది. హారన్ కొడితే లేచిపోతుందని."

రొట్టెల కొట్టు మిలాగ్రోస్ అప్పటికే గుమ్మంలోకొచ్చి నిలబడింది. "విన్నావా? పరాయివాళ్ళకున్న జాలి మనకుండొద్దూ" అంది. రాత్రి సంగతి పొద్దున రొట్టెల కొట్టు దగ్గర వరసలో లియోకాదియాయే చెప్పింది. బ్రేకుల సంగతి మొన్న బార్లో చెప్పింది. వరసలో నిలబడ్డవాడికీ బార్లో కాఫీ తాగినవాడికీ ఈ మాత్రం తెలుస్తుంది కదా అనుకున్నాడు ఎలాడియో.

అతను ఆ మనిషిని ఎగాదిగా చూశాడు. బట్టలు కొత్తవి, మడతలు ఇంకా పోలేదు, ఎక్కడా నూనె మరక లేదు. ఎలాడియో ముప్ఫై ఏళ్ళు బస్సు డిపోలో మెకానిక్కుల మధ్య తిరిగినవాడు. వాళ్ళ గోళ్ళలో నలుపు ఎంత సబ్బు పెట్టినా పోదని అతనికి తెలుసు.

"ఏదీ, చేతులు చూపించు."

"పెళ్ళిచూపులా ఏంటయ్యా?" అన్నాడు కోస్మె. బార్లోంచి వచ్చినవాళ్ళు ఘొల్లుమన్నారు.

పొడుగువాడు నవ్వుతూనే చేతులు చాపాడు. తెల్లగా, శుభ్రంగా ఉన్నాయి. "ఇప్పుడంతా గ్లౌజులేనండీ" అన్నాడు.

ఎలాడియో వెనక్కి తిరిగి ఇంటి గుమ్మం దగ్గరికి వెళ్ళాడు. అక్కడున్న బెల్ల వరసలో మూడో అంతస్తుది, లియోకాదియా ఇంటి బెల్ మీద వేలు పెట్టాడు. నొక్కేలోపే మిలాగ్రోస్ వచ్చి మణికట్టు పట్టుకుంది.

"నువ్వసలు మనిషివేనా? నీ పిచ్చి అనుమానానికి ఆ తల్లిని లేపుతావా?"

"ఒక్క మాట అడుగుతాను. నిజమో కాదో."

"జన్మలో ఒక్కసారి మనుషుల్లో కలువయ్యా" అన్నాడు కోస్మె. ఈసారి అతని గొంతులో ఎగతాళి లేదు, విసుగుంది.

ఈలోగా బూడిదరంగు కారు తలుపు తెరుచుకుని ఉంది. పొట్టివాడు లోపల కూర్చుని స్టీరింగు కింద వంగున్నాడు. తాళం పెట్టడం ఎలాడియో చూడలేదు. ఎవరూ చూడలేదు, అందరూ బెల్ దగ్గర జరిగే తగువే చూస్తున్నారు. ఇంజను స్టార్టయింది. "ఆవిడ తాళం ఇవ్వకపోతే ఎలా స్టార్టయిందంటావు మరి?" అంది మిలాగ్రోస్. ఎలాడియో నోరు విప్పబోయాడు.

"ఆయన్నేమీ అనకండమ్మా" అన్నాడు పొడుగువాడు. "ఇలాంటి మనిషి వీధికొకరు ఉండాలి. నా కారు కూడా పోయిందండీ. ఆ బాధ పడ్డవాడికే తెలుస్తుంది. మీరు అడగడంలో తప్పు లేదు అన్నగారూ."

రెండేళ్ళుగా ఎలాడియోతో ఆ మాట అన్నవాళ్ళు లేరు. బాధ అన్నవాళ్ళు లేరు, తప్పు లేదన్నవాళ్ళు లేరు. ఎదురుగా ఇరుగుపొరుగంతా అతని మొహం వంక చూస్తున్నారు, ఏమంటాడా అని. ఆ చూపుల్లో కోపం తగ్గి, ఓ పిసరు ఆశ కనిపించింది అతనికి. వీడు బాగుపడతాడేమో అన్న ఆశ.

వెళ్ళి ఇనుప కడ్డీ తీశాడు. చక్రాలు తిన్నగా తిప్పాడు. హ్యాండ్‌బ్రేకు దించాడు. కిందికి దిగి, వెనక నిలబడి, రెండు చేతులూ ఆనించి తనే నెట్టాడు. కోస్మె ఒక పక్క, మిలాగ్రోస్ ఒక పక్క చెయ్యి వేశారు. ఎర్ర కారు కదలగానే జనం చప్పట్లు కొట్టారు. "అబ్బో, మన బ్రేకు వదిలింది" అని ఎవరో అంటే ఎలాడియో కూడా నవ్వాడు.

బూడిదరంగు కారు బయటికొచ్చి వీధి చివరికి పోయింది. రింగురోడ్డుకి అక్కడ కుడిపక్కకి తిరగాలి. అది ఎడమపక్కకి తిరిగింది. ఎలాడియో చూశాడు. అప్పటికే కోస్మె అతని భుజం మీద చెయ్యేసి లోపలికి తీసుకుపోతున్నాడు, కాఫీ తన లెక్కలో అంటున్నాడు. పక్క స్టూలు మీద మిలాగ్రోస్ కూర్చుంది. ఎలాడియో ఎడమ మలుపు మాట ఎత్తలేదు. కాఫీ తాగాడు. చాలా బావుంది.

ఐదుకి పావుగంట ముందు లియోకాదియా దిగింది. ఒక చేత్తో హెనారోని పట్టుకుంది, రెండో చేతిలో దుప్పటి. ఖాళీ చోటు చూసి అటూ ఇటూ చూసింది. "ఎక్కడికి నెట్టేశారర్రా నా కారుని?" అంది నవ్వుతూ.

"గ్యారేజీవాళ్ళు ఇంకా తేలేదా?" అంది మిలాగ్రోస్, మాట సగంలో నీరుగారిపోయింది.

"ఏ గ్యారేజీ?"

పోలీసులకి ఫోన్ చేస్తే, ఈపాటికి ఊరు దాటేసుంటుంది, దొంగలు తాళం లేకుండానే చిన్న పరికరంతో నిమిషంలో స్టార్టు చేస్తారు అన్నారు, చూసినవాళ్ళెవరైనా ఉన్నారా అని అడిగారు. లియోకాదియా ఫోన్ చెవిదగ్గర పెట్టుకునే అందరి వంకా చూసింది. కోస్మె గ్లాసు తుడుచుకుంటున్నాడు. "నేను కొట్లో ఉన్నాను, సరిగ్గా చూళ్ళేదు" అంది మిలాగ్రోస్.

"నేను చూశాను" అన్నాడు ఎలాడియో. "అడ్డు తీసింది నేనే. నెట్టింది కూడా నేనే."

ఆవిడకి కోపం రాలేదు ముందు. అర్థం కాలేదు. "చర్చి పాదిరీనే నమ్మనివాడివి. వాళ్ళనెలా నమ్మావు?"

"నమ్మలేదు."

"మరి?"

కొత్త బట్టల సంగతి, గోళ్ళ సంగతి, ఎడమ మలుపు సంగతి, అన్నీ నోటిదాకా వచ్చాయి. అవన్నీ చెబితే తప్పు ఇంకా పెద్దదవుతుందే గానీ తగ్గదు. అయినా చెప్పాడు. చివరికి, "నీ బెల్ మీద వేలు కూడా పెట్టాను. నొక్కలేదు. వీళ్ళంతా నాతో నవ్వుతున్నారు లియోకాదియా. నాతో ఎవరైనా నవ్వి రెండేళ్ళయింది. అందుకని" అన్నాడు.

హెనారో గోడకి ఆనుకుని కళ్ళు మూసుకున్నాడు. మొహం ఉబ్బి పాలిపోయి ఉంది. "నిలబడలేకపోతున్నానే" అన్నాడు భార్యతో.

"కారు తియ్యి" అంది లియోకాదియా.

ఎలాడియో ఎర్ర కారు ముందు తలుపు తెరిచి, హెనారోని మెల్లగా కూర్చోబెట్టాడు. ఆవిడ వెనక కూర్చుంది. ఎలాడియో ఆస్పత్రి గుమ్మం ముందు ఆపాడు. లియోకాదియా దిగి, భర్త చంక కింద చెయ్యి వేసి పట్టుకుని అంది: "శుక్రవారం నాలుగున్నరకి. తర్వాత సోమవారం. తర్వాత మళ్ళీ బుధవారం."

"అలాగే."

ఇలా ఎన్నాళ్ళు అని అడగబోయి, హెనారో మొహం చూసి, ఎలాడియో నోరు మూసుకున్నాడు.