వెన్నెముకలు పెట్టే ట్రే

జంతుశాస్త్రంలో పీహెచ్‌డీ సీటు కోసం ఇంటర్వ్యూకి వచ్చినవాళ్ళు లోపలికి వెళ్ళేముందు వెన్నెముక తీసి బయట పెట్టాలి. సెల్‌ఫోన్ల ట్రే పక్కనే దానికీ ఒక ట్రే ఉంది.

నా ముందున్న అబ్బాయి చొక్కాలోకి చెయ్యి పోనిచ్చి, బెల్టు లాగినట్టు లాగి, చుట్టచుట్టి ట్రేలో పడేస్తాడు. నాకు మాత్రం చేతులు ఆడవు.

"ఏటమ్మా అలా సూత్తన్నారు? తీసి ఇందులో ఎట్టండి," అంటాడు అటెండరు గవరయ్య.

"మళ్ళీ ఇస్తారా?"

"సీటు రానోలు పట్టుకెలిపోతారు. వచ్చినోలు ఎవులూ ఎనక్కి అడగనేదు."

ఆ జవాబులో తప్పేమీ కనిపించదు. కానీ భయంగా ఉంది. వచ్చే ఏడాదికి నా వయసు దాటిపోతుంది. ఈ సీటు రాకపోతే నత్తల మీద నేను పెంచుకున్న ఆలోచనంతా నాతోపాటే మూలపడుతుంది. అలాగని ఈ వెన్ను ఊరికే వచ్చిందా? మా అమ్మ ఇచ్చింది. నెత్తిన చేపల గంపతో వీధివీధీ తిరిగి, గంప తన్నబోయిన రౌడీ ముందు కూడా వంచని వెన్ను అది.

తీస్తాను. ఉప్పు వాసన వేస్తుంది. గవరయ్య ముక్కు మూసుకోడు, అదే పదివేలు.

లోపల ప్రొఫెసర్ విశ్వంభరం గారు గాజు సీసాల మధ్య కూర్చుని ఉన్నారు. ఒక్కో సీసాలో ఒక్కో పాత విద్యార్థి వెన్నెముక. మొదటి సీసా చీటీ మీద ఆయన పేరే ఉంది. పక్కకి ఒరిగిపోకుండా ఆయన్ని సన్మానం శాలువాతో కుర్చీకి కట్టారు.

నేను గిన్నెలో పెరుగులా సీటులో సర్దుకుంటాను.

"నత్తల మీద నీ ఆలోచన బాగుందమ్మా. పేపర్లో నా పేరు ముందుంటుంది. నీది ఉంటే ఉంటుంది. అభ్యంతరమా?"

అభ్యంతరమే. తల అడ్డంగా ఊపబోతాను. నిలబెట్టే ఎముక లేక అది ముందుకి వాలిపోతుంది.

"ఒప్పుకుంది," అంటారాయన. "సీటు నీదే."

కాదని అరుద్దామంటే గడ్డం గుండెకి ఆనుకుపోయి నోరు తెరుచుకోదు.

అప్పుడు బయట కేక వినిపిస్తుంది.

"సేపలో..."

గుమ్మంలో నా వెన్నెముక నిటారుగా నిలబడి ఉంది, పైన గంపతో. గంపలో ట్రేలోని వెన్నులన్నీ ఎగిరెగిరి పడుతున్నాయి. ఆ కేకకి సీసాల మూతలు ఊడి, లోపలివి కూడా ఒక్కొక్కటే వెళ్ళి గంపలో దూకుతాయి. ప్రొఫెసర్ గారిది అన్నిటికంటే ఆఖర్న దూకుతుంది.

ఆయన గొంతు సన్నబడుతుంది. "ఎలా ఇస్తున్నావమ్మా?"

"బేరం తరవాత. ముందు గంప దింపాల," అంటుంది నా వెన్ను. ఆయనతో కాదు, నాతో. "ఓ సెయ్యెయ్యమ్మా!"

గంప దింపాలంటే ఇంకో మనిషి చెయ్యి ఉండాలి. మా వీధిలో ఆ పిలుపుకి లేవనివాళ్ళు లేరు.

సీటు తన రెండు చేతులతో నా నడుము పట్టుకుంటుంది. పట్టుకోవడానికి అక్కడ ఎముక లేదు. దాని వేళ్ళ సందుల్లోంచి నేలమీదికి కారిపోతాను. నత్తల దగ్గర నేర్చుకున్నట్టే, తడి చార విడుస్తూ గుమ్మం వైపు పాకుతాను.

నా వెనక శాలువా ముడి ఊడుతుంది. తరవాత నేలమీద ఇంకో తడి చప్పుడు.