కన్నీటిచుక్క బండి

“వంటిల్లు బండికి తోక దగ్గర పెట్టాను, చూశావా? లోపలికి పొగ రాదు. అంతా నీ కోసమే” అన్నాడు భీమేశ్వరరావు.

అప్పుడు సుందరి బండి కింద వెల్లకిలా పడుకుని అడుగుచెక్కకు తారు పూస్తోంది. అక్కణ్ణించి ఆమెకు కనిపించేది భర్త మడమలు మాత్రమే. ఆ మడమలు ఉత్సాహంగా అటూ ఇటూ కదిలాయి. వెనకమూత ఎత్తిన చప్పుడు, దించిన చప్పుడు, మళ్ళీ ఎత్తిన చప్పుడు. “నువ్విక్కడ నిలబడి వండుతావు. ఈ చిన్న తలుపులోంచి కంచం లోపలికి తోస్తావు. మేము పక్క మీంచి లేవకుండానే అందుకుంటాం. ఎలా ఉంది?” మేము అంటే తానూ, ఫ్యాక్టరీలో తన పైఅధికారి పార్థసారథిగారూ. మరి వండిన మనిషి ఎక్కడ పడుకోవాలని సుందరి అడగలేదు. ఆయనే చెప్పాడు: “పార్థసారథిగారి జీపు వెనకసీటు మెత్తగా ఉంటుంది. నీకు అదే హాయి.” తారు బొట్టొకటి ఆమె చెంప మీద పడింది. తుడుచుకుంటే ఇంకా అంటుకుంటుందని అలాగే వదిలేసి, “బాగుందండి” అంది.

భీమేశ్వరరావు బాలానగర్‌లో ఒక ఫ్యాక్టరీలో ఫోర్‌మన్. కాకినాడ వైపు నుంచి వచ్చి పదహారేళ్ళయింది. మూసాపేటలో ఈ ఇల్లు వాళ్ళ నాన్న కొన్నాడు. పార్థసారథిగారు ఏదో విదేశీ పత్రిక తెచ్చి అందులో ఒక బొమ్మ చూపించాడట. జీపు వెనక కట్టుకుని అడవులకూ నదులకూ లాక్కుపోయే చిన్న బండి. లోపల ఇద్దరికి పక్క, వెనక వంట అర. ముందు గుండ్రంగా ఉబ్బి, వెనక్కి వెళ్ళేకొద్దీ సన్నబడుతుంది. ఇంగ్లీషులో దాన్ని కన్నీటిచుక్క బండి అంటారట. “ఇలాంటిది మన దగ్గర ఎవడైనా కట్టగలడా?” అని పార్థసారథిగారు అన్నాడు. ఆ మాట కోసమే ఎదురుచూస్తున్నట్టు భీమేశ్వరరావు ఛాతీ మీద చెయ్యి వేసుకున్నాడు. ఆ పేరు విన్నప్పుడు సుందరికి నవ్వొచ్చింది. ఇంట్లో ఉన్నవి చాలక ఇంకొకటి, అదీ చక్రాల మీద.

పెరట్లో బావి పక్క రేకుల పంచ ఉండేది. మధ్యాహ్నం గిన్నెలు కడిగాక గంటసేపు సుందరి అక్కడే కూర్చుని చదువుకునేది. ఎనిమిదో తరగతిలో ఆగిపోయిన చదువు. ముప్పై మూడేళ్ళు వచ్చాక మహిళా మండలి తరగతులకు వెళ్ళి మళ్ళీ మొదలుపెట్టింది. మెట్రిక్ ప్రైవేటుగా రాయాలని ఆశ. ఆ పంచలో బండి పని మొదలయ్యాక ఆమె పుస్తకాలు బియ్యం డబ్బా మీదికి చేరాయి. పాత జీపు ఇరుసు వచ్చింది, చెక్కలు వచ్చాయి, అల్యూమినియం రేకులు వచ్చాయి. అన్నీ ముక్కలుగానే వచ్చాయి. ఆదివారాలు వడ్రంగి వీరేశం వచ్చి అతుకులు కుదిర్చి వెళ్ళేవాడు. మిగిలిన ఆరు రోజులూ ఆ చెక్కలకు గరుకు కాగితం రుద్దింది సుందరి. మూడు పూతల వార్నిషు వేసింది సుందరి. పక్కకు దూది ఏకింది, పరుపు కుట్టింది, తన రెండు వాయిలు చీరలు కోసి కిటికీలకు తెరలు కట్టింది. వీధిలో మాత్రం అందరూ ఒకటే మాట: “రావుగారు ఒక్కడే ఎంత బండి కట్టాడండీ!” ఆయన వినయంగా తల వంచుకునేవాడు. అత్తగారు దిష్టి తీసేది, కొడుక్కి.

ఆ ఇంటి పెరట్లోంచి వీధిలోకి ఒకటే దారి, ఇంటి పక్క సందు. ఆ సందు తిన్నగా ఉండదు. మామగారు తర్వాత ఎప్పుడో కట్టించిన వంటిల్లు దానిలోకి పొడుచుకొచ్చి ఉంటుంది. అవతల పక్కింటి ఎల్లేశం బర్రెల కొట్టం రాతిగోడ. వంటింటి మూల దగ్గర సందు మెలిక తిరుగుతుంది. రోజుకు ఇరవైసార్లు రెండు చేతుల్లో రెండు బకెట్లతో ఆ మెలిక తిరిగి తిరిగి సుందరి వేళ్ళ కణుపులు కాయలు కాశాయి. మామగారు పోయినప్పుడు బావి దగ్గర స్నానం చేయించి అక్కడే పాడె కట్టారు. నలుగురూ మోసుకుంటూ మూల దాకా వచ్చి ఆగిపోయారు. పాడె తిరగలేదు. చివరకు నిలువునా ఎత్తి తిప్పారు. పోయినాయన నిలబడి ఇల్లు దాటాడు. ముందు నడుస్తున్న కొడుకు దుఃఖంలో వెనక్కి చూడలేదు. వంటింటి కిటికీలోంచి సుందరి చూసింది.

చక్రాలు బిగించిన రోజున ఆమె ఒకసారి నోరు తెరిచింది. “ఏమండీ, సందులో ఆ మూల దగ్గర ఇది తిరుగుతుందంటారా?”

“సందు వెడల్పు కొలిచానే, నాకు తెలీదా? నువ్వు సందు ఊడ్చుకో, చాలు. లెక్కలు నాకు వదిలెయ్.”

ఆయన కొలిచింది సందు వీధిలో కలిసే చోట. అదీ చక్రాలు లేని పెట్టెకు సరిపోతుందా అని. ఈ సంగతి ఆమె మర్నాడు మళ్ళీ చెప్పి ఉండేదే. మొగుడి పరువు తన పరువే అని నేర్పి పంపారు కదా. కానీ ఆ మర్నాడే మేకుల కోసం పనిముట్ల పెట్టె తీసింది. అడుగున నాలుగు మడతలుగా ఒక కాగితం దొరికింది. తన పరీక్ష దరఖాస్తు. తన ఫొటో అంటించి, తన పేరు బాలాత్రిపురసుందరి అని ఒక్కొక్క అక్షరమే కూడబలుక్కుని రాసి, ఫ్యాక్టరీకి వెళ్తూ ఫీజు కట్టెయ్యమని ఆయన చేతికిచ్చిన దరఖాస్తు. ఆఖరు తేదీ వెళ్ళిపోయి ఇరవై రోజులు. వెనకవైపు పెన్సిల్‌తో గుండ్రంగా ఉబ్బి సన్నబడుతున్న గీత. పక్కన ఎనిమిది అడుగులు, నాలుగు అడుగులు అని అంకెలు.

ఆమె కాగితం పట్టుకుని నిలబడితే ఆయన చూశాడు. “ఓ, అదా! క్యాంటీన్‌లో కాగితం దొరక్క దాని మీద గీశాను. కట్టడం మర్చిపోయాను. వచ్చే ఏడు రాద్దువులే, పరీక్ష ఎక్కడికి పారిపోతుంది? ఇలా ఇవ్వు, పారెయ్యకు. ఆ వంపు భలే కుదిరింది.”

ఆమె ఇచ్చేసింది. పరుపు కుట్టడానికి వెళ్ళి కూర్చుంది. సూది గుచ్చిన ప్రతిసారీ లోపల ఒక మాట గట్టిపడుతూ వచ్చింది. చెప్పను. ఇక చెప్పను. ఈ బండిని అద్దంలా మెరిపిస్తాను. ఊరందరికీ చూపించేంత అందంగా చేస్తాను. ఎంత అందంగా చేస్తే అంత బాగా ఇరుక్కుంటుంది. ఇన్నేళ్ళలో ఆమె తన కోసం దాచుకున్నది ఏదీ లేదు. ఈ ఒక్క మాట దాచుకుంది. అది ఆమెకు తాళి కంటే బరువుగా, గుండెలకు దగ్గరగా ఉండేది.

ఒక ఆదివారం వీరేశం బీడీ ఆర్పేసి చుట్టూ చూశాడు. “అమ్మా, ఒక మాట. గీ బండి బయటికెట్ల పోతది?”

“సార్‌కి చెప్పావా?”

“చెప్పిన. ‘నువ్వు మేకులు కొట్టు వీరేశం, దిమాక్ నాది’ అన్నడు.”

“అయితే మేకులు కొట్టు.”

వీరేశం ఆమె ముఖంలోకి చూసి, పెదవుల్లోనే నవ్వుకుని, సుత్తి తీసుకున్నాడు. “ఇగ నాకేం ఫికర్.”

ముందుగా జరిపి చూసే ప్రమాదం లేదు. అత్తగారి శాసనం ఉంది: పూజ కాకుండా కొత్త బండి చక్రం కదలకూడదు. కొబ్బరికాయ పార్థసారథిగారి చేతే కొట్టించాలని కొడుకు పట్టు.

మరుసటి ఏడు సుందరి దరఖాస్తు తనే తీసుకెళ్ళి కట్టి వచ్చింది. హాల్ టికెట్ వచ్చింది. మార్చిలో ఒక సోమవారం మొదటి పరీక్ష. భీమేశ్వరరావు ప్రయాణం పెట్టింది దానికి ముందు ఆదివారం. నాగార్జునసాగర్, నాలుగు రోజులు. “మరి నా పరీక్ష?” అంటే, “పార్థసారథిగారికి సెలవు మళ్ళీ దొరకదు. పరీక్ష ఏటా వస్తుంది” అన్నాడు. అత్తగారు అందుకుంది: “పాస్ అయితే మాత్రం ఏ కచేరీలో కూర్చుంటావే? వెళ్ళు, వాడికి ప్రమోషన్ వచ్చే వేళ. నాలుగు రోజులు నేనేదో ఉడకేసుకుంటాను.” సుందరి పులిహోర కలిపింది, పచ్చళ్ళు కట్టింది, చరిత్ర పుస్తకం ఇంకోసారి చదువుకుంది. బండి కదలదు. తను కదులుతుంది. అంతే.

ఆదివారం ఉదయం జీపు వచ్చి వీధిలో ఆగింది. పార్థసారథిగారు కొబ్బరికాయ కొట్టాడు. చక్రాల కింద నిమ్మకాయలు చితికాయి. చప్పట్లు. వీరేశం, అతని మనుషులు నలుగురూ వెనక నుంచి తోశారు. బండి నిగనిగలాడుతూ పది అడుగులు నడిచి, మూల దగ్గర వంటింటి గోడకు ముక్కు ఆనించి నిలబడిపోయింది. వెనక్కి లాగి మళ్ళీ తోశారు. ఈసారి పక్కరేకు రాతిగోడకు గీసుకుని కీచుమంది. గోడ మీదుగా ఎల్లేశం బర్రె తల పెట్టి చూసింది. దాని వెనకే ఎల్లేశం తల.

“నా కొట్టం గోడ ముట్టుకుంటే మంచిగుండది సార్. ముందే చెప్తున్న.”

“చక్రాలు తీసెయ్యండి!” అన్నాడు భీమేశ్వరరావు.

“తీసినా మలగది సార్. ఎనిమిది ఫీట్లాయె” అన్నాడు వీరేశం. “నిలవెడితే లోపటి అరలన్నీ ఇరుగుతయి.”

పార్థసారథిగారు గడియారం చూసుకున్నాడు. “కొలవలేదా రావుగారూ?”

భీమేశ్వరరావు చెమట తుడుచుకుని సుందరి వైపు తిరిగాడు. “రోజూ ఈ సందులోనే చస్తావు కదా, ఒక్క మాట చెప్పొద్దూ?”

“చెప్పానండి. ఊడ్చుకోమన్నారు.”

నలుగురిలో ఎవరో కిసుక్కున నవ్వారు. పార్థసారథిగారు కూడా దగ్గినట్టు నటించాడు. భర్త ముఖం మీద ఏడాదిగా ఆమె ఊహించుకున్న రంగు వచ్చింది. సరిగ్గా అదే రంగు. ఆమె దాన్ని తీరిగ్గా చూసింది.

కానీ మగవాడికి దారి దొరక్కపోదు. ఆయన కళ్ళు వంటింటి మూల మీద ఆగాయి. “ఇది తీసేస్తే?”

“గట్లయితే సీదా పోతది” అన్నాడు వీరేశం, సుందరి వైపు చూడకుండా.

“ఇంకేం! వంటింటి గోడే కదా!”

“ఒరే, మీ నాన్న కట్టించిన వంటిల్లురా!” అని అత్తగారు మొత్తుకుంది. “వారంలో మళ్ళీ కట్టిస్తానమ్మా” అన్నాడు.

ఇది సుందరి లెక్కలో లేదు. ఏడాది మౌనం ఇంత తేలిగ్గా కూలిపోతుందా? మధ్యాహ్నానికి బండి రోడ్డెక్కుతుంది, రేపు తను సాగరు గట్టున పప్పు తాలింపు వేస్తుంటుంది. గోడ వైపు చూసింది. ఏళ్ళ తరబడి పొగ పట్టిన గోడ. వంటింటి గోడే కదా. అవును, వంటింటి గోడే. ఆ మాట రెండోసారి అనుకునేసరికి ఆమెకు ఊపిరాడింది. లోపలికి వెళ్ళి గిన్నెలూ డబ్బాలూ హాల్లోకి చేరవేసింది. గడ్డపార పట్టుకొచ్చింది. “జరుగు వీరేశం” అని మొదటి దెబ్బ తనే వేసింది. సున్నం పెళ్ళ ఊడి పొయ్యి మీద పడింది. రెండో దెబ్బకు వెలుతురు వచ్చింది. అందరూ నోళ్ళు తెరిచి చూస్తుంటే పదో దెబ్బ దాకా ఆగలేదు.

రెండు గంటలకు వంటిల్లు నేలమట్టమైంది. దాని మీదుగా బండి వీధిలోకి వచ్చింది. భీమేశ్వరరావుకు మళ్ళీ ఛాతీ వచ్చింది. “ఎక్కు, ఎక్కు, ఆలస్యమైంది.”

“ఇల్లు బార్లా తెరిచి ఎలా రానండి? బీరువాలో అత్తయ్యగారి బంగారం ఉంది.”

బంగారం మాట వినగానే అత్తగారు కొంగు బిగించింది. “అవునురా, అది ఉండాల్సిందే.”

“అత్తయ్యగారికి మాత్రం ఇక్కడ పొయ్యి లేదు. మీ బండిలో ఉంది, తీసుకెళ్ళండి” అంది సుందరి. “మడి కట్టుకునే వండాలి. చింతపండు పడదు, కారం పడదు. తెల్లవారుజామున కాఫీ, సాయంత్రం గోధుమరవ్వ ఉప్మా. స్నానానికి వేడినీళ్ళు. పక్క మెత్తగానే ఉంటుంది, దూది నేనే ఏకాను.”

ఇన్నేళ్ళలో ఎవరూ ఎక్కడికీ తీసుకెళ్ళని ముసలావిడ. అప్పటికే బండి తలుపు తీసి ఒక కాలు లోపల పెట్టింది. “కృష్ణాస్నానం అవుతుంది, నేనొస్తానురా.” తెరలు సర్దుకుని పక్క నడుమ పడుకుంది.

“మరి మనం?” అన్నాడు పార్థసారథిగారు. తర్వాత తనే, “నేను జన్మలో పొయ్యి ముట్టలేదు రావుగారూ, ఆ సంగతి మీరే చూసుకోవాలి” అని జీపు ముందుసీటు ఆక్రమించాడు. రాత్రి పడకకు మిగిలింది వెనకసీటు.

భీమేశ్వరరావు భార్య దగ్గరికి వచ్చాడు. గొంతు తగ్గించాడు. “నీకు ముందే తెలుసు కదూ?”

ఆమె ఆయన కళ్ళలోకి చూసింది. “స్టవ్‌లో కిరసనాయిలు నిండా పోశానండి. నాలుగు రోజులకూ సరిపోతుంది.”

జీపు మలుపు తిరిగేదాకా ఆమె వీధిలోనే ఉంది.

మర్నాడు పొద్దున్నే వీరేశం ఇటుకలు లెక్క చూసుకుంటూ వచ్చాడు. “గోడ లేపమన్నడు సార్, తాను వచ్చేలోపల.”

“గోడ వద్దు. ఇక్కడ తలుపు పెట్టు. గడియ లోపలి వైపు ఉండాలి.”

“మరి వంటిల్లమ్మా?”

“వంట ఎవరు చేస్తారో తేలాక, వాళ్ళనే అడిగి కడదాం.”

వీరేశం తలగుడ్డ తీసి దులిపి మళ్ళీ చుట్టుకున్నాడు. ఆ పొద్దు ఆ ఇంట్లో ఏమీ వండలేదు. మిగిలిన పులిహోర తిని, కలంలో సిరా పోసుకుని, హాల్ టికెట్ పుస్తకంలో పెట్టుకుని, సుందరి పొయ్యి ఉన్న చోటు మీదుగా నడిచి పరీక్షకు వెళ్ళింది.